తేదీలోంచి క్రమసంఖ్యను తీసివేసే పద్ధతి: ఒక విమర్శ

హాజరు పట్టికలో ఒక్కో గైర్హాజరుకు ఒక్కో రికార్డు ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు కావలసింది మాత్రం ఫలానా విద్యార్థి జూన్ 3 నుంచి 5 వరకు, మళ్ళీ 9 నుంచి 10 వరకు రాలేదన్న సమాచారం. గ్రూప్ బై వాడి కనిష్ఠ, గరిష్ఠ తేదీలు తీస్తే 3 నుంచి 10 అని వస్తుంది. మధ్యలో తరగతికి వచ్చిన మూడు రోజులూ అందులో మునిగిపోతాయి. డేటాబేస్ గ్రంథాల్లో దీన్ని గ్యాప్స్ అండ్ ఐలాండ్స్ సమస్య అంటారు.

దీనికి ప్రసిద్ధమైన పరిష్కారం రో నంబర్. తేదీల క్రమంలో రికార్డులకు 1, 2, 3 అని సంఖ్యలిచ్చి, ప్రతి తేదీలోంచి దాని సంఖ్యను తీసివేస్తారు. 3, 4, 5 తేదీలకు జూన్ 2 వస్తుంది. 9, 10 తేదీలకు జూన్ 5 వస్తుంది. ఆ ఫలితంపై గ్రూప్ చేస్తే వ్యవధులు విడిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు నేనూ ముచ్చటపడ్డాను. చాలా ఏళ్ళు అదే పాఠం చెప్పాను కూడా.

ఇప్పుడు నా అభ్యంతరం చెబుతాను. ఒక రోజుకు ఒకే రికార్డు ఉంటుందన్న షరతు ఈ పద్ధతిలో దాగి ఉంది. క్వెరీలో అది ఎక్కడా కనిపించదు. గుమాస్తా 4వ తేదీని పొరపాటున రెండుసార్లు ఎక్కించాడనుకోండి. తేదీలు 3, 4, 4, 6. తీసివేతలు వరుసగా జూన్ 2, 2, 1, 2. అంటే 3, 4, 6 ఒకే గుంపులో పడ్డాయి. నివేదికలో 3 నుంచి 6 అని వస్తుంది. 5న ఆ విద్యార్థి తరగతిలోనే ఉన్నాడు! పరీక్షకు 75 శాతం హాజరు అడిగే చోట ఆ ఒక్క రోజు అతనికి చిన్న విషయం కాదు. పైగా కంప్యూటర్ ఏ దోషమూ చూపదు. రో నంబర్ బదులు డెన్స్ ర్యాంక్ వాడితే ఈ తప్పు తొలగుతుంది. కానీ ఎందుకు వాడాలో ముందే తెలిసినవాడికే ఆ ఆలోచన వస్తుంది.

అందుకే మొదట లాగ్ నేర్పాలంటాను. ఇది ముందు రికార్డు తేదీని తెచ్చి పక్కన పెడుతుంది. రెండింటి తేడా ఒక రోజు మించితే 1, లేకపోతే 0 అని గుర్తు వేసి, ఆ గుర్తులను సంచిత మొత్తంగా కూడితే గుంపు సంఖ్య వస్తుంది. పునరుక్తమైన తేదీకి తేడా సున్నా కనుక ఏమీ చెడదు. క్వెరీ కొంచెం పొడవవుతుంది, నిజమే. కానీ విరామం అంటే ఏమిటో అందులో అక్షరాలా రాసి ఉంటుంది. మధ్యలో ఆదివారం వస్తే వ్యవధి తెగాలా, కొనసాగాలా? ఈ నిర్ణయం కళాశాలది. దాన్ని రాయడానికి లాగ్ పద్ధతిలో ఒక చోటు ఉంది, తీసివేతలో లేదు.

లాగ్‌కూ పరిమితి ఉంది. సెలవులు ప్రారంభ, ముగింపు తేదీలతో నమోదై, ఒకదానిపై ఒకటి పడితే అది చాలదు. 1–20, 5–7, 15–18 అన్న మూడు సెలవులు తీసుకోండి. 15ను ముందున్న 7తో పోల్చితే విరామం ఉందనిపిస్తుంది. నిజానికి మొదటి సెలవు 20 దాకా ఉంది. ఇక్కడ ముందరి రికార్డులన్నింటి ముగింపుల్లో గరిష్ఠాన్ని తీసుకుని పోల్చాలి.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ విండో ఫంక్షన్లు 2018లో, 8.0 రూపంతోనే వచ్చాయి. మీ అధ్యయన కేంద్రంలో పాత రూపం ఉంటే ఇవి పనిచేయవు. అభ్యాసం చేసేటప్పుడు పట్టికలో ఇద్దరు విద్యార్థులను ఉంచి, పార్టిషన్ బై మరవకుండా, ఒక తేదీని కావాలనే రెండుసార్లు ఎక్కించి రెండు పద్ధతులనూ నడిపి చూడండి.