ముందు సప్లై చూడండి

సర్‌ప్లస్‌లో రుబీడియం ఆసిలేటర్, అంటే చిన్న అణు గడియారం, కొన్న కుర్రాళ్ళు ఫోన్ చేసి మొదట చెప్పే మాట ఒకటే: "లాక్ కావట్లేదు సార్, లాంప్ పోయినట్టుంది." నేనడిగే మొదటి ప్రశ్నా ఒకటే: "సప్లై ఎంత కరెంటు ఇవ్వగలదు బాబూ?" చాలాసార్లు లాంప్ నిక్షేపంలా ఉంటుంది. బాక్సే ఆకలితో ఉంటుంది.

టెలికాం బేస్ స్టేషన్లలో ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు పనిచేసి, పరికరాలు మార్చినప్పుడు బయటపడ్డవి ఇవి. ఎఫ్రాటామ్ ఎల్‌పీఆర్‌ఓ-101, ఫ్రీక్వెన్సీ ఎలక్ట్రానిక్స్ ఎఫ్‌ఈ-5680ఏ, ఎక్కువగా ఈ రెండే చేతికొస్తాయి. లోపల ఉన్న రుబీడియం-87 అణువు సహజ ఫ్రీక్వెన్సీ 6,834,682,610.9 హెర్ట్జ్. రుబీడియం లాంప్ వెలుగు ఒక చిన్న గాజు సెల్ గుండా డిటెక్టర్ మీద పడుతుంది. క్వార్ట్జ్ క్రిస్టల్ నుంచి తయారుచేసిన మైక్రోవేవ్ సెల్‌లోని అణువుల ఫ్రీక్వెన్సీని తాకగానే ఆ వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకుని సర్క్యూట్ క్రిస్టల్‌ని అక్కడే కట్టేస్తుంది. లాక్ అంటే ఇదే. అణువుకు ముసలితనం లేదు. ముసలితనమంతా దాని చుట్టూ ఉన్న లాంప్‌కి, క్రిస్టల్‌కి, కెపాసిటర్లకి, సోల్డర్ అతుకులకి.

లాంప్ వంద డిగ్రీలు దాటి వేడెక్కాలి. సెల్‌కి వేరే ఒవెన్ ఉంటుంది. అందుకే మొదటి నిమిషాల్లో ఇంత చిన్న డబ్బా అంత కరెంటు లాగుతుంది. ఎల్‌పీఆర్‌ఓకి 19 నుంచి 32 వోల్టుల దాకా ఇవ్వొచ్చు, 24 మంచిది. చల్లగా ఉన్నప్పుడు 1.7 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, వేడెక్కాక అర ఆంపియర్ దగ్గరికి దిగుతుంది. ఒక ఆంపియర్‌కి లిమిట్ పెట్టిన బెంచ్ సప్లైకి కలిపితే వోల్టేజి పడిపోతుంది, ఒవెన్లకు చాలినంత వేడి అందదు, గంట కూర్చున్నా లాక్ రాదు. పాత లాప్‌టాప్ అడాప్టర్ ఇంకా మోసం చేస్తుంది. దాని మీద 19 వోల్టులని రాసి ఉంటుంది. తీగలో 0.3 ఓమ్‌ల నిరోధం ఉన్నా 1.7 ఆంపియర్ల దగ్గర అర వోల్టు దారిలోనే పోతుంది. కాబట్టి వోల్టేజి కొలవాల్సింది అడాప్టర్ దగ్గర కాదు, యూనిట్ పిన్నుల దగ్గర, అదీ వేడెక్కుతున్నప్పుడు.

ఎఫ్‌ఈ-5680ఏ సంగతి వేరు. దానికి 15 వోల్టులు. చాలా రకాలకు విడిగా 5 వోల్టులు కూడా కావాలి, అది ఇవ్వకుండా అవుట్‌పుట్ కోసం వెతకొద్దు. ఒకే పేరు మీద రకరకాల యూనిట్లు ఉన్నాయి, కనుక మీ లేబుల్‌కి సరిపోయే పిన్‌అవుట్ దొరికేదాకా స్విచ్ వేయకండి. ప్లస్ మైనస్ తారుమారైతే బాగుచేయడానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఏ యూనిట్ అయినా దాని అడుగు పలకను మందపాటి అల్యూమినియం ముక్కకు బిగించాలి. మన ఎండాకాలంలో ఇది తప్పనిసరి. వేడి పెరిగేకొద్దీ యూనిట్ ఆయుష్షు తరుగుతుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా మాత్రం పెట్టొద్దు, గాలి మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ కదులుతుంది.

ఇక అసలు రిపేరు. లాక్ పిన్‌ని చాలామంది తిరగేసి చదువుతారు. పైన చెప్పిన రెండు మోడళ్ళలోనూ ఆ పిన్ వోల్టేజి కిందికి దిగితేనే లాక్ అయినట్టు. లాక్ కాకముందు క్రిస్టల్ కంట్రోల్ వోల్టేజి మెల్లగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, అంటే అణువును వెతుకుతోందన్నమాట. ఈ మధ్య ఒక మిత్రుడు తెచ్చిన యూనిట్‌లో కరెంటు మామూలుగానే తగ్గింది, లాంప్ వెలుగుతోంది, వెతుకులాట మాత్రం ఆగడం లేదు. అవుట్‌పుట్‌ని కౌంటర్‌కి కలిపి చూస్తే ఎంత పైకెళ్ళినా 10 మెగాహెర్ట్జ్‌ని అందుకోవడం లేదు, కిందే తిరిగి వచ్చేస్తోంది. క్రిస్టల్ వయసుతో పక్కకు జరిగిపోయింది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ట్రిమ్మర్‌ని వెంట్రుకవాసి తిప్పాం. తర్వాతి రౌండులో అంకెలు ఎక్కుతూ ఎక్కుతూ 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఠక్కున నిలిచిపోయాయి. మళ్ళీ కదల్లేదు.

వెతుకులాట ఆ ఫ్రీక్వెన్సీని దాటి వెళ్తున్నా పట్టు చిక్కడం లేదంటే అప్పుడు లాంప్‌ని అనుమానించాలి. ఎల్‌పీఆర్‌ఓలో లాంప్ వోల్టేజి చూపే పిన్ ఉంది. 3 వోల్టుల కన్నా దిగితే లాంప్ చివరిదశలో ఉన్నట్టు. అప్పుడు కూడా ఒక ఉపాయం ఉంది. ఏళ్ళ తరబడి వెలిగిన బల్బులో రుబీడియం గాజుకు పొరలా పట్టి వెలుగును అడ్డుకుంటుంది. లాంప్‌ని బయటకు తీసి, హాట్ ఎయిర్ గన్‌తో ఓపిగ్గా వేడిచేస్తే ఆ పొర కరిగి పక్కకు జరుగుతుంది. కొన్ని మళ్ళీ ఏళ్ళ తరబడి నడుస్తాయి, కొన్ని లేవవు. పని లేకుండా లోపలి షీల్డు మాత్రం విప్పకండి. దెబ్బ తగిలితే అయస్కాంతాన్ని అడ్డుకునే దాని గుణం పాడవుతుంది, అయస్కాంతం వాసన సోకినా అణువు ఫ్రీక్వెన్సీ మారుతుంది.

"అణు గడియారం కదా, రేడియేషన్ ఉండదా?" అని ఇళ్ళలో అడుగుతారు. ఇది అణువిచ్ఛిత్తితో నడిచే వస్తువు కాదు. రుబీడియం-87 అర్ధాయువు దాదాపు 4,900 కోట్ల ఏళ్ళు, బల్బులో ఉండేదీ అతి స్వల్పం. భయపడక్కర్లేదు.

ఇలాంటి గడియారాలు ఉపగ్రహాల్లోనూ ఉంటాయి. శ్రీహరికోట నుంచి 2013లో ఎగిరిన మన నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోయాయి. అంత ఎత్తుకు వెళ్ళి ట్రిమ్మర్ తిప్పగలిగేవాళ్ళు లేరు. మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారంతో 2023 మే 29న ఎన్‌వీఎస్-01 అక్కడి నుంచే ఎగిరింది. మన బల్ల మీద ఉన్నదానికి ఆ కష్టం లేదు, చెయ్యి అందుతుంది. అందుకే ఒక్క రాత్రి లాక్ కాలేదని దాన్ని చెత్తలో వేయడం నాకు నచ్చదు.

లాక్ అయ్యాక ఒకసారి జీపీఎస్‌తో పోల్చి సరిచేసుకోండి. సెల్‌లోని బఫర్ గ్యాస్ వల్ల ఏ యూనిట్ లెక్క ఆ యూనిట్‌దే. ఆ రోజు లాంప్ వోల్టేజి ఎంత, వేడెక్కాక కరెంటు ఎంత అనేది తేదీతో సహా ఒక చీటీ మీద రాసి మూత మీద అంటించండి. రేపు అది ఇంకొకరి చేతికి వెళ్ళినప్పుడు ఆ చీటీయే వాళ్ళకు పనికొస్తుంది.