మరిచేవాడు, చూడనివాడు

హోమర్ సింప్సన్ పనిచేసేది స్ప్రింగ్‌ఫీల్డ్ అణువిద్యుత్ కేంద్రంలో. దాని యజమాని బర్న్స్‌కి హోమర్ పేరు గుర్తుండదు. హోమర్ కొడుకు బార్ట్ ఇచ్చిన రక్తంతో చావు తప్పించుకున్న మనిషే, తర్వాత హోమర్ ఎదురుపడితే పక్కనున్న సహాయకుడు స్మిదర్స్ వైపు తిరిగి ఎవడితను అంటాడు. సింప్సన్ అండీ, 7-జీ సెక్టార్‌లో మన పనివాడే అని స్మిదర్స్ అందిస్తాడు. ఓహో, సింప్సనా అంటాడు బర్న్స్, ఆ పేరు పుట్టి బుద్ధెరిగి విననట్టు. 'ది సింప్సన్స్' కార్టూన్ సీరియల్‌గా మొదలైంది 1989 డిసెంబర్ 17న. వచ్చిపోయిన సీజన్లకు లెక్క తప్పుతోంది గానీ బర్న్స్ మరపు మాత్రం చెక్కు చెదరలేదు.

1995లో ఆ జోకును తెగేదాకా లాగి చూశారు. బర్న్స్‌ని కాల్చిందెవరు అన్న రెండు భాగాల కథ అది. భార్య మార్జ్ సలహా మీద హోమర్ యజమానికి చాక్లెట్ల డబ్బా పంపుతాడు. డబ్బా అడుగున కుటుంబం ఫొటో. ఒక్కో చాక్లెట్ నోట్లో వేసుకుంటుంటే ఒక్కో మొహం బయటపడాలని ఆశ. బర్న్స్, స్మిదర్స్ కూర్చుని తింటారు. మార్జ్ కనపడుతుంది, పిల్లలు ముగ్గురూ కనపడతారు. మిగిలిన ఒక్క చాక్లెట్ ఇద్దరికీ నచ్చని రకం. దాన్ని అలాగే వదిలేసి డబ్బా పారేస్తారు. హోమర్ మొహం దాని కిందే ఉంది. బర్న్స్ నుంచి వచ్చిన కృతజ్ఞతల కార్డులో నాలుగు పేర్లే ఉంటాయి. కడుపు మండిన హోమర్ ఆఫీసులో దూరి, గోడ నిండా తన పేరు రంగుతో రాస్తాడు. లోపలికొచ్చిన బర్న్స్ ఆ గోడ ముందే నిలబడి, నువ్వెవరివి అని అడుగుతాడు. ఇక హోమర్ అతని మీద పడతాడు. రెండో భాగంలో తుపాకి గుండు తగిలిన బర్న్స్ ఆస్పత్రిలో కళ్లు తెరిస్తే నోట పలికేది ఒక్కటే పేరు, హోమర్ సింప్సన్. ఇన్నేళ్లూ గుర్తుకు రాని పేరు, హోమర్‌ని జైలుకి పంపడానికి అవసరమైన రోజునే గుర్తొచ్చింది! కాల్చింది హోమర్ కాదనుకోండి, చంటిపిల్ల మ్యాగీ. గొడవ సద్దుమణిగింది, తర్వాతి ఎపిసోడ్లలో పేరు మళ్లీ మరపున పడింది.

ఇంకో అజ్ఞానం చూద్దాం. 1997 జనవరి 12న, సింప్సన్స్ వచ్చే ఫాక్స్ ఛానెల్లోనే 'కింగ్ ఆఫ్ ద హిల్' మొదలైంది. టెక్సస్‌లో ఆర్లెన్ అనే కల్పిత ఊరు, ప్రొపేన్ గ్యాస్ అమ్మే హ్యాంక్ హిల్ కుటుంబం. హ్యాంక్ పొరుగువాడు డేల్ గ్రిబుల్. ఇళ్లల్లో పురుగుల మందు కొట్టడం అతని వృత్తి, కుట్రలు పసిగట్టడం ప్రవృత్తి. ప్రభుత్వాన్ని నమ్మడు, ఐక్యరాజ్యసమితిని నమ్మడు, సొంత పేరు ఎక్కడా చెప్పకుండా రస్టీ షాకిల్‌ఫర్డ్ అనే దొంగ పేరుతో తిరుగుతాడు. అతని భార్య నాన్సీ టీవీలో వాతావరణం చదువుతుంది. ఆమెకి తరచూ తలనొప్పి. మర్దన చేయడానికి జాన్ రెడ్‌కార్న్ అనే నేటివ్ అమెరికన్ వస్తుంటాడు, ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు. డేల్ కొడుకు జోసెఫ్ అచ్చు గుద్దినట్టు రెడ్‌కార్న్ పోలిక. సంగతి వీధిలో దాదాపు అందరికీ తెలుసు. భూమ్మీద జరిగే ప్రతి కుట్రా తనకే తెలుసనుకునేవాడికి తన ఇంట్లో జరిగేది తెలియదు.

బర్న్స్ మరపూ డేల్ గుడ్డితనమూ పైకి ఒకే జాతి జోకులు. ఎదురుగా ఉన్నది కనపడకపోవడమే రెండింట్లోనూ నవ్వు. వేళ్లు మాత్రం వేరు. బర్న్స్‌కి తెలియకపోవడానికి కారణం తెలుసుకోవలసిన అవసరం లేకపోవడం. దొరగారికి గుర్తుండాల్సింది కూలీల లెక్క, కూలీ పేరు కాదు. డేల్‌కి తెలియకపోవడానికి కారణం ప్రేమ. లోకంలో అతను అనుమానించని మనుషులు ఇద్దరు ముగ్గురే, అందులో ఇద్దరు కలిసి మోసం చేస్తున్నారు. మొదటి జోకుకి ఎన్నిసార్లు నవ్వినా నవ్వు అదే. రెండోదానికి నవ్వుతుంటే ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది, సీజన్ సీజన్‌కీ కాస్త లోతుగా దిగుతుంది.

దిగడానికి కారణం, ఆ వీధికి జ్ఞాపకం ఉండటం. బార్ట్‌కి ఎప్పుడూ పదేళ్లే. జోసెఫ్ అలా కాదు, 2000లో ఒక్కసారిగా ఎదుగుతాడు, గొంతు మారుతుంది, రెడ్‌కార్న్ పోలిక ఇంకా స్పష్టమవుతుంది. అదే సంవత్సరం వచ్చిన 'నాన్సీ బాయ్స్' ఎపిసోడ్‌లో డేల్, రెడ్‌కార్న్ దగ్గరవుతారు. తన తెగ భూముల కోసం రెడ్‌కార్న్ ప్రభుత్వం మీద వేసిన దావాకి డేల్ సాయపడతాడు, సర్కారు దగ్గర కాగితాలు ఎలా బయటికి లాగాలో చెప్తాడు. జన్మంతా ప్రభుత్వాన్ని అనుమానించిన పిచ్చి తొలిసారి ఒకడికి పనికొచ్చింది, ఆ ఒకడు రెడ్‌కార్న్! అప్పుడు రెడ్‌కార్న్ మొహంలో పడే నీడ చూడాలి. నాన్సీ మళ్లీ మొగుడి వైపు తిరుగుతుంది, సంబంధం తెగిపోతుంది. డేల్‌కి మాత్రం ఏదీ తెలియదు. ఇంకో ఎపిసోడ్‌లో లెక్కలు వేసుకుని జోసెఫ్ తనకి పుట్టి ఉండడని కనిపెట్టనే కనిపెడతాడు. నేరం గ్రహాంతరవాసుల మీద వేస్తాడు. నా మట్టుకు ఈ ఒక్క జోకు సింప్సన్స్ జోకుల బుట్ట మొత్తానికి సరితూగుతుంది. నిమిషానికి ఎన్ని నవ్వులు అని లెక్క కడితే సింప్సన్స్‌దే పైచేయి, దాని మొదటి ఎనిమిది తొమ్మిది సీజన్ల దగ్గరికి ఏదీ రాదు. ఆ లెక్కే వేరు.

టైటిళ్లు చూసినా ఈ తేడా పట్టుకోవచ్చు. సింప్సన్ కుటుంబం ఊరంతా తిరిగి ఇంటికొచ్చి సోఫా మీద పడుతుంది. పడే తీరు మారుతుంటుంది, ఒకసారి సోఫా మాయం, ఒకసారి సోఫాయే మింగేస్తుంది, ఇంకోసారి గది నిండా సర్కస్ దిగుతుంది. ఇందులో కొంత కళ, కొంత దర్జీ పని. ఎపిసోడ్ నిడివి తక్కువ పడితే పొడుగు సోఫా జోకు అతికిస్తారు, ఎక్కువైతే కత్తిరిస్తారు. 'కింగ్ ఆఫ్ ద హిల్' టైటిల్లో నలుగురు మగాళ్లు ఇంటి వెనక సందులో బీరు పట్టుకుని నిలబడతారు. చుట్టూ పొద్దు గిర్రున తిరుగుతుంది, మనుషులు వచ్చి పోతారు, వీళ్లు మాత్రం కదలరు. ఏ వారమైనా ఇదే. కథలోనూ ఇదే సందు, ఇవే బీర్లు. ఒకడు 'యెప్' అంటాడు, రెండోవాడూ 'యెప్' అంటాడు, మూడోవాడూ అంతే, నాలుగోవాడు బూమ్‌హావర్ ఏదో గొణుగుతాడు. హోమర్ ఊతపదం 'డో' 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఎక్కింది. తమాషా ఏమిటంటే స్క్రిప్టులో ఆ మాట ఉండదు, విసుగుతో మూలుగు అని మాత్రం ఉంటుంది, మిగతాది గొంతిచ్చిన డాన్ కాస్టెలనెటా పని. 'యెప్' ఏ నిఘంటువుకీ పేరు తేలేదు. కానీ పల్లెటూరి అరుగు మీద కూర్చుని ఊ కొట్టే నలుగురిని ఎరిగినవాళ్లకి అర్థం చెప్పక్కర్లేదు.

సింప్సన్స్ దర్జీ పని ఎంత దూరం వెళ్లగలదో 1993 నాటి 'కేప్ ఫియర్' చెప్తుంది. బార్ట్‌ని చంపడానికి వచ్చిన సైడ్‌షో బాబ్, ఎండుటాకులు పోగుచేసే పళ్ల కర్ర మీద కాలేస్తాడు. కర్ర లేచి మొహం మీద కొడుతుంది. పక్కకి జరుగుతాడు, అక్కడా ఒకటి. ఇలా తొమ్మిదిసార్లు. నిడివి చాలక సాగదీసిన సీను ఇది. నేను మొదటిసారి చూసినప్పుడు నాలుగో దెబ్బకి విసుక్కున్నాను, ఏడో దెబ్బకి కడుపు పట్టుకున్నాను. దెబ్బ తగిలిన ప్రతిసారీ బాబ్‌కి గొంతిచ్చిన కెల్సీ గ్రామర్ స్వరంలో వచ్చే ఆ చిన్న వణుకు, చదువుకున్నవాడికి జరిగిన అవమానం, అదే కాపాడింది. ఈ కిటుకునే తర్వాత 'ఫ్యామిలీ గై' ఎత్తుకుంది. పీటర్ గ్రిఫిన్ కింద పడి, మోకాలు పట్టుకుని, మనకి ఓపిక నశించేదాకా ఇస్ అబ్బా అంటూ ఉంటాడు. కిటుకు అదే, మనిషి లేడు. అంతకు మించి దాని గురించి చెప్పడానికి నాకేం లేదు.

అసలు చిక్కు పరాయిదేశం మనిషి జోకులో పడ్డప్పుడు వస్తుంది. సింప్సన్స్‌లో కిరాణా కొట్టు నడిపే అపు మనవాడు. పేరు సత్యజిత్ రే సినిమాల నుంచి వచ్చింది, గొంతు హ్యాంక్ అజారియా అనే తెల్లాయనది. 'థాంక్యూ, కమ్ అగైన్' అతని ఊతపదం. 1994 ఫిబ్రవరిలో వచ్చిన 'హోమర్ అండ్ అపు'లో దీన్నే తిరగేశారు. ఉద్యోగం పోగొట్టుకున్న అపు, హోమర్‌ని వెంటబెట్టుకుని ఇండియాలో కొండ మీదున్న కంపెనీ పెద్ద దగ్గరికి వెళ్తాడు. ఆ స్వామి మూడే ప్రశ్నలకి జవాబు చెప్తాడు. మీరేనా పెద్ద, నిజంగానా, మీరా అని హోమర్ మూడూ ఖర్చు పెట్టేస్తాడు. అపు నోరు తెరిచేలోపే స్వామి 'థాంక్యూ, కమ్ అగైన్' అని సాగనంపుతాడు. జీవితమంతా గల్లాపెట్టె వెనక నుంచి అన్న మాట అతనికే తగిలింది. ఈ ఎపిసోడ్ రాసింది గ్రెగ్ డేనియల్స్. మైక్ జడ్జ్‌తో కలిసి 'కింగ్ ఆఫ్ ద హిల్' సృష్టించిందీ ఇతనే.

అందుకే ఆ సీరియల్ మొదటి సీజన్‌లో కాన్ అడుగుపెట్టే సీను పక్కన పెట్టి చూడబుద్ధవుతుంది. కొత్తగా దిగిన పొరుగువాణ్ణి హ్యాంక్ మర్యాదగానే అడుగుతాడు, మీరు చైనీయులా, జపనీయులా అని. కాన్ లావోస్ అంటాడు, లావోషియన్లం అంటాడు. ఏ ఓషన్ అని అడుగుతాడు సందులో బీరు తాగే నలుగురిలో ఒకడైన బిల్. కాన్‌కి ఒళ్లు మండుతుంది. వియత్నాంకీ థాయ్‌లాండ్‌కీ మధ్య ఉంది, సముద్రమే లేని దేశం, జనాభా 47 లక్షలు అని పాఠం చెప్తాడు. హ్యాంక్ కాసేపు ఆలోచిస్తాడు. ఆ తర్వాత అడుగుతాడు, ఇంతకీ చైనీయులా, జపనీయులా?

కొసమెరుపు అది కాదు. హ్యాంక్ తండ్రి కాటన్ రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీద పోరాడినవాడు, పరమ జాత్యహంకారి. అతను వచ్చి కాన్‌ని ఒక్కసారి ఎగాదిగా చూసి, లావోస్ మనిషివి కదూ అంటాడు. మంచివాళ్లకి తెలియనిది ద్వేషించేవాడికి తెలుసు. ఇది నాలుగు పొడి మాటల్లో దులిపేసిన సంగతి, దీని మీద వ్యాసాలు రాయొచ్చు.

కాన్ యాస కూడా యాసే. అతనికి గొంతిచ్చిన టోబీ హస్ కూడా తెల్లవాడే. ఆ తప్పుని దాచనక్కర్లేదు. కానీ కాన్ సీనులో నవ్వు హ్యాంక్ మీద, బిల్ మీద పడుతుంది. పైగా కాన్ చేతిలో ఎదురుజోకు ఉంది, పొరుగువాళ్లని మొరటు పల్లెటూరివాళ్లని నోరారా తిడతాడు. అపు చేతిలో ఏముంది? రచయితలు అతనికి డాక్టరేట్ ఇచ్చారు, 1996లో పౌరసత్వ పరీక్షలో అమెరికా అంతర్యుద్ధం కారణాలు అధికారికే విసుగొచ్చేంత వివరంగా చెప్పించారు. తెలివి ఇచ్చారు, మర్యాద ఇచ్చారు. బడిలో పిల్లల నోటికి ఎక్కింది మాత్రం ఆ ఊతపదమే.

ఆ బడిలో చదివినవాడే హరి కొండబోలు. ఇంటిపేరు చెప్తూనే ఉంది తెలుగువాడని. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి న్యూయార్క్ వెళ్లినవాళ్లు, అతను క్వీన్స్‌లో పుట్టి పెరిగి స్టాండప్ కమెడియన్ అయ్యాడు. 2017లో 'ద ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో నాకు నచ్చింది కోపం కాదు, సింప్సన్స్‌ని ప్రాణంగా చూస్తూ పెరిగానని అతను ఒప్పుకోవడం. తన ఇంట్లో నవ్వించిన జోకే వీధిలో తనని వెక్కిరించిందన్నది అతని ఫిర్యాదు. 2018 ఏప్రిల్లో సీరియల్ ఇచ్చిన జవాబు చప్పగా ఉంది. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇవాళ తప్పయితే ఏం చేస్తామని హోమర్ కూతురు లీసా మన వైపు తిరిగి అంటుంది, పక్కన అపు ఫొటో. ఊళ్లో ప్రతి అన్యాయానికీ నిలదీసే పిల్ల నోట ఆ మాట పెట్టడం నాకు మింగుడు పడలేదు. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. అప్పటి నుంచి అపు గుంపులో మాట్లాడకుండా నిలబడుతున్నాడు. మార్చడం చేతకాక నోరు మూయించారు.

'కింగ్ ఆఫ్ ద హిల్' 13 సీజన్లకి ఆగిపోయి, 2025 ఆగస్టులో హులూలో తిరిగొచ్చింది. హ్యాంక్ కొడుకు బాబీ పెద్దవాడై వంటవాడయ్యాడు. కాన్‌కి ఇప్పుడు రానీ చియెంగ్ గొంతు. డేల్ గొంతు జానీ హార్డ్‌విక్ 2023లో చనిపోతే, ఆ పాత్రని అందుకున్నది పాత కాన్, టోబీ హస్.

సింప్సన్స్ కాలం కదలదన్నాను. ఒక్కచోట తప్పు చెప్పానేమో. టైటిల్లో బార్ట్ శిక్షగా నల్లబల్ల మీద ఒకే వాక్యం పైనుంచి కిందిదాకా రాస్తాడు, ప్రతిసారీ కొత్త అల్లరి, ప్రతిసారీ బల్ల తుడిచేసి మళ్లీ మొదలు. ఆ శిక్ష వేసే పంతులమ్మ క్రబాపుల్‌కి గొంతిచ్చిన మార్షా వాలస్ 2013 అక్టోబర్లో పోయింది. నవంబర్ 3న వచ్చిన ఎపిసోడ్‌లో బల్ల దాదాపు ఖాళీగా ఉంది. మిసెస్ కె, మీరు లేని లోటు తెలుస్తుందనే అర్థంలో ఒక్క వాక్యం. ఒక్కసారే రాశాడు. మొహం వేలాడేసుకుని అక్కడే నిలబడ్డాడు.