వస్తాదు దాచుకొన్న పట్టు

కుస్తీవిద్యను గూర్చిన కథలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది పారశీక కవి సాదీ చెప్పినది. 1258లో పూర్తియైన గులిస్తానులో, రాజుల నడవడిని గూర్చిన మొదటి ప్రకరణమునం దది యున్నది. ఒక వస్తాదునకు 360 పట్లు తెలియును. ప్రియశిష్యునకు 359 నేర్పి, ఒక్కటి మాత్రము తనకడ నుంచుకొనెను. శిష్యుడు బలవంతుడై, రాజుముందు నిలిచి, గురువుకంటె తాను తక్కువవాడను కానని పలికెను. రాజు ఇరువురకును పోటీ పెట్టించెను. వస్తాదు ఆ దాచిన పట్టుతో శిష్యుని తలమీది కెత్తి నేలపై వైచెను. రాజు గురువును సత్కరించి శిష్యుని మందలించెను. ఇట్టి దినముకొరకే ఆ పట్టు దాచితినని వస్తాదు చెప్పెను.

ఈ కథను విన్నవారందరును గురువు దూరదృష్టిని మెచ్చుకొందురు. పులికి అన్నియు నేర్పి చెట్టెక్కుట మాత్రము నేర్పని పిల్లి కథలోను మన మెప్పు పిల్లికే చెందును. శిష్యుని గర్వము శిక్షింపదగినదే. దానిని కాదనువారు లేరు. కాని సాదీ అడుగని ప్రశ్న యొకటి గలదు. ఆ వస్తాదు కాలము చేసిన పిమ్మట 360వ పట్టు ఏమైనది? శిష్యుని యొద్ద 359 మిగిలినవి. అతడును గురువు చూపిన మార్గముననే నడచి తన శిష్యునకు 358 చెప్పినచో, విద్య తరమునకొక మెట్టు దిగుచుండును. కథ రాజసభయొద్ద ఆగిపోయినందున ఈ లెక్క మనకు కానరాదు.

మన భారతకథ ఈ విషయమున సాదీకంటె నిర్మొగమాటమైనది. ఆదిపర్వమున ద్రోణుడు శిష్యులను నీటికి పంపునపుడు తక్కినవారికి నీరు మెల్లగా నిండు కమండలువులను, కుమారుడైన అశ్వత్థామకు వెడల్పు మూతిగల కుండను ఇచ్చెను. కుమారుడు ముందుగా మరలి వచ్చును. ఆ నడిమి కాలములో అతనికి మాత్రము విశేషవిద్య చెప్పవచ్చును. అర్జునుడు దీనిని గ్రహించి, వారుణాస్త్రముతో కమండలువును క్షణములో నింపుకొని అశ్వత్థామతోపాటే వచ్చి నిలుచుచుండెను. ఇంతటి మహాగురువు పాత్రకు ఇంతటి చిన్న లోభమును అంటగట్టుటకు వ్యాసుడు సంకోచింపలేదు. ఏకలవ్యుని బొటనవ్రేలిని గూర్చి ఎల్లరును మాటలాడుదురు. ఈ కమండలువుల మాట ఎవరును ఎత్తరు. మాకు రెండవదియే ఎక్కువ నిజముగా తోచును, ఏలయన అట్టి కమండలువులు ప్రతి గరిడీలోను, ప్రతి కార్ఖానాలోను ఉన్నవి.

సోలాపురపు తూర్పుభాగమున స్థిరపడిన మన కుటుంబములలో తాలీము ఎరుగని ఇల్లు ఒకప్పుడు అరుదు. 1877లో ఇచ్చట పాతమిల్లు వెలసినది మొదలుకొని, నైజాము తెలంగాణమునుండి కరువునకును, మగ్గముపని క్షీణించుటకును తాళలేక పద్మశాలి కుటుంబములు వచ్చి చేరినవి. దినమంతయు మగ్గపుగుంటలో కూర్చుండి నడుము వంగినవానికి, ప్రత్తిధూళి పీల్చినవానికి, తెల్లవారుజామున మట్టిలో దిగి దండములు, బస్కీలు తీయుట విలాసము కాదు. శరీరమును నిలబెట్టుకొను ఉపాయము. తాలీము అరబ్బీ మాట. దానికి శిక్షణమని అర్థము. మనము వస్తాదనుచున్న మాటయే మరాఠీలోను వస్తాదు. రెండును ఉస్తాదునుండి వచ్చినవే. ఎఱ్ఱమట్టిలో నూనె, పసుపు, మజ్జిగ, నిమ్మరసము కలిపి త్రవ్వి మెత్తన చేయుదురు. ఆ త్రవ్వుటయే క్రొత్తవాని మొదటి పాఠము. ఒక మూల మారుతి విగ్రహము, వేరొక మూల కర్లాకట్టలు. మరాఠీ, కన్నడము, ఉర్దూ, తెలుగు నాలుగును ఒకే గోదాలో వినబడు ఊరు ఇది. ఆలోచించి చూడగా, ఈ నాలుగు భాషలవారును ఒండొరుల మెడమీద చేయి వేయగల చోట్లు ఊరిలో ఎక్కువ లేవు.

ఇక పట్టు నేర్పు విధమును చూడవలెను. ధోబీపఛాడు అను పట్టును తీసికొందము. ప్రత్యర్థి చేయి ఒడిసిపట్టి, వీపు అతనివైపు త్రిప్పి, చాకలి బట్టను ఎత్తి బండపై బాదినట్లు భుజముమీదుగా ముందునకు విసరుట. మాటలలో ఇంతే. నేర్చుకొనువాడు పదిసార్లు చేసినను ప్రత్యర్థి కదలడు, ఏలయన తన నడుము ప్రత్యర్థి నడుముకంటె క్రిందికి దిగలేదు. అప్పుడు పెద్ద పైల్వాను తానే బరువు తేలిక చేసి, పడవలసిన రీతిగా పడి చూపును. పండ్రెండేండ్ల బాలునిచేత పడవేయించుకొనుట నూరు కుస్తీలు గెలిచినవానికి అవమానము కాదు, అదియే బోధన. జోరు పట్టుటయని తాలీములో అనునది ఇదియే. ఇందులో గెలుపోటములు లేవు. పైవాడు క్రిందివానికి తన దేహమునే పలకగా ఇచ్చుచున్నాడు. కలాజంగు నేర్పునప్పుడు ఈ సంగతి మరింత స్పష్టమగును. ప్రత్యర్థి కాళ్ల నడుమ చేయి దూర్చి, అతనిని భుజములపై అడ్డముగా మోసి పడవేయు పట్టు అది. మోయబడువాడు సహకరింపకున్నచో నేర్చువాని మెడ విరుగును.

పట్టుతోపాటు దాని తోడు, అనగా విరుగుడు, నేర్పుట మంచి వస్తాదు లక్షణము. ఎత్తుకు పైఎత్తు అని మనము రాజకీయములలో వాడు మాట గోదానుండి వచ్చినదే. తోడు తెలియని పట్టు సగము విద్య. ఇచ్చటనే దాచుకొనువారి తర్కము దెబ్బతినుచున్నది. నా పట్టు నా తోటివారి కెవరికిని తెలియనిచో, అది వారిమీద ప్రతిదినము పనిచేయును. పనిచేయుచున్నంతకాలము నేను దానిని సవరించుకొనను. తెలిసినచో వారు తోడు వేయుదురు. నేను అడుగు మార్చవలెను, చేయి ఇంకొక అంగుళము పైకి పట్టవలెను. పంచుకొన్నవాని పట్టే వాడియెక్కుచున్నది. దాచుకొన్నవానిది మొదటి జాత్రవరకు మెరసి, పరవూరి మల్లుడు దాని తోడు కనుగొన్న దినముననే తుప్పుపట్టుచున్నది.

అయినను దాచినవారిని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. జాత్ర కుస్తీలు పిల్లలకు రేవడీల బహుమానముతో మొదలై, సాయంకాలమునకు పెద్ద ఇనాముల జోడీలతో ముగియును. ఆ ఇనాముపై పైల్వాను పాలు, నెయ్యి, బాదముపప్పు ఆధారపడియుండెడివి. సంస్థానములు అంతరించి పోషకులు కరవైన పిదప ఆ ఆధారమును సన్నగిల్లినది. పట్టు ఒక్కటే ఆస్తియైనవాడు దానికి తాళము వేసికొనుటలో వింత యేమున్నది? మన నేతపనిలోను క్రొత్త అంచు నమూనాను పొరుగు కార్ఖానాకు తెలియనీయనివారు ఎందరో కలరు. కాని తెగిన పోగును అతుకుట, పడుగు బిగి సరిచూచుట మనలో ఎవరును దాచలేదు. అడుగకముందే పక్క మగ్గమువాడు లేచివచ్చి చూపును. మా పరిశీలనలో దాచబడునది ఎప్పుడును అమ్ముడుపోవునదే. లేనిచో పని నిలిచిపోవునట్టిది ఎల్లరకును అందుచున్నది. తాలీములో ఈ రెండింటికిని హద్దు చెరిగిపోయినది.

గ్రంథములు ఈ కొరతను తీర్చినవా? మనకు తూర్పుననున్న కల్యాణమున రాజ్యమేలిన పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు, 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో మల్లవినోదమును వర్ణించినాడు. మల్లుల తరగతులు, వారి ఆహారము, అభ్యాసము అన్నియు అందు కలవు. అయితే పేరులోనే వినోదమున్నది. చూచువాడు రాజు, ఆ చూపుతోనే గ్రంథము నడచును. మల్లపురాణము అటు కాదు. 1964లో బరోడానుండి అచ్చైన ఈ సంస్కృతగ్రంథము జ్యేష్ఠిమల్లుల కులవిద్యను చెప్పును. విద్య దైవదత్తమను గౌరవము అందున్నది, కులము వెలుపలివానికి తలుపు మాత్రము తెరువబడలేదు. తలుపు నిజముగా తెరచినది మరాఠీలో 1936 మొదలు 1949 వరకు బరోడాలో పది సంపుటములుగా వెలువడిన వ్యాయామజ్ఞానకోశము. దీని సంపాదకుడు దత్తాత్రేయ చింతామణ మజుందారు. అందరును చదువుకొనునట్లు దేశీయ వ్యాయామవిద్యలను ఇంత విస్తారముగా ఒక్కచోట చేర్చిన వేరొక ప్రయత్నము మనకు కానరాదు. తెలుగులో దీనికి సాటియైన గ్రంథము లేదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు సర్కసుతో దేశమంతటను కీర్తి గడించిరి. వారి బలమును గూర్చిన కథలను చెప్పుకొనుటతోనే మనము తృప్తిపడితిమి. వారేమి అభ్యాసము చేసిరో, శిష్యుల కేమి నేర్పిరో పిల్లలకు చెప్పువారు అరుదు.

పుస్తకము చూచి కుస్తీ వచ్చునా అని వెక్కిరించువారు కలరు. సోలాపురము చద్దరు నేయువారికి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పనక్కరలేదు. జాకార్డు అట్టలో పువ్వు అంతయు రంధ్రములుగా వ్రాయబడియున్నది. అట్ట ఉన్నంతమాత్రమున చద్దరు రాదు. బిగి, నూలు, చేయి కావలెను. అట్ట లేనిచో ఆ పువ్వు నేసినవాని తరువాత ఇంకొకడు నేయలేడు. వ్రాతకు ఉన్న పని అంతవరకే, కాని అది చిన్న పని కాదు.

జపానులో ఈ సంగతిని ముందుగా గ్రహించినవాడు కానో జిగోరో. జుజుత్సు సంప్రదాయములు తమ రహస్యములను చుట్టలలో వ్రాసి, ఏర్చిన శిష్యులకే ఇచ్చుచుండెడివి. కానో రెండు సంప్రదాయములలో శిక్షణ పొంది, 1882లో టోకియోలో కోడోకానును స్థాపించి, అపాయకరమైన వానిని వేరుచేసి, తక్కినవానిని వరుసక్రమమున పాఠములుగా అమర్చెను. 1895లో ఎత్తివేతలను అయిదు తరగతులుగా విభజించిరి. 1964లో జూడో ఒలింపిక్సులో చేరినది. మన కుస్తీ పట్లలో కౌశలము తక్కువయని ఎవరును అనజాలరు, వరుస తక్కువ.

మన ప్రాంతమునుండియే వేరొక నిదర్శనము. కరాడుచెంత గోళేశ్వరమున పుట్టిన ఖాశాబా జాధవు 1948లో లండను ఒలింపిక్సునకు పోయెను. మట్టికుస్తీ ఎరిగిన ఆయనకు చాపపై కుస్తీ నియమములను, మెలకువలను అచ్చట నేర్పినవాడు అమెరికా మల్లుడు రీస్ గార్డ్నరు. ఆ సారి ఆయనకు ఆరవ స్థానము దక్కినది. 1952లో హెల్సింకీలో కంచుపతకము. స్వతంత్రభారతమున ఒక వ్యక్తి గెలిచిన మొదటి ఒలింపిక్ పతకమది. పరదేశపు పోటీదారునకు తన విద్య చెప్పినందున గార్డ్నరునకు పోయినదేమి? పంచుకొనుటవలన పొరుగువాడు బలవంతుడగునను భయమునకు ఈ రెండు సంవత్సరములు చాలినంత బదులు.

నేడు సోలాపురములో పలు తాలీములకు గణేశోత్సవపు లేజీమే ముఖ్యకార్యమైనది. లేజీము అందమైనది, మన పిల్లలు దానిని చక్కగా ఆడుదురు. కాని కుస్తీ నేర్వగోరు బాలుడు నేడు చేతిలోని ఫోనులో ఇరానువారి పట్లను, రష్యావారి పట్లను నిమిషములో చూచుచున్నాడు. దాచుకొనుటకు ఇక చోటులేదు. అయితే ఫోను తోడు చెప్పినను, తాను పడి చూపదు. బాలికల మాటయు చేర్చవలెను. స్త్రీల కుస్తీ 2004లో ఒలింపిక్సున చేరినది. 2016లో రియోలో సాక్షీ మలిక్కు కంచుపతకము గెలిచినది. బీడీలు చుట్టి బిడ్డలను చదివించిన తల్లులున్న ఈ పేటలలో, బాలికకు పట్టు చెప్పుటకు ఎన్ని తాలీములు సిద్ధముగా నున్నవో పెద్దలు లెక్కింపవలెను.

భాషను గూర్చియు ఒక మాట. మోళీ అను పట్టు పేరు మరాఠీలో కట్టెలమోపు. ప్రత్యర్థి మెడను, మోకాలిని చేర్చి మోపువలె కట్టివేయుట. మన పిల్లలు మోళీ అనియే అందురు; అందులో తప్పులేదు. దానిని ఇంటిలో తాతకు ఏమని చెప్పుదురు? వృద్ధ వస్తాదులు ఉన్నపుడే, వారి యెదుట ఇద్దరు పిల్లలను మట్టిలో నిలిపి, ఒక్కొక్క పట్టునకు మరాఠీ పేరును, తెలుగు పేరును, చేయి ఎచ్చట, కాలు ఎచ్చట అను వివరమును వ్రాయించుట మన సంఘమునకు భారము కాదు. ఒక నోటుపుస్తకము చాలును. పట్టు వ్రాసిన పుటమీదనే దాని తోడును వ్రాయవలెను. వేరు పుస్తకమున వ్రాసినచో అది మరల ఎవరి పెట్టెలోనికో పోవును.