పాలు ఎవరికి పోశారు?

పేపర్లో ‘పరిశోధనలో తేలింది’ అని కనబడితే, ఏం తేలిందో తర్వాత చూస్తాను. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఆ ఎంపిక ఎవరు చేశారు? నాకు ముందు కావలసింది ఇవే. లానార్క్‌షైర్ పాల ప్రయోగం గురించి చదివాక పట్టుకున్న అలవాటిది.

స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్‌లో 1930 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 67 బడుల్లో 20,000 మంది పిల్లల మీద ఈ ప్రయోగం జరిగింది. సగం మందికి రోజూ ముప్పావు పైంటు పాలు పోశారు, మిగతా సగానికి లేదు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఎత్తూ బరువూ కొలిచారు. పాలు తాగినవాళ్లు ఎక్కువ ఎదిగారన్నారు. అంత పెద్ద లెక్క చూశాక నోరెత్తే వాళ్లెవరు?

ఎత్తినవాడు గాసెట్. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి, ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాసేవాడు. 1931లో ఆయన ఫలితాల పట్టిక కన్నా ముందు ఎంపిక దగ్గర ఆగాడు. పిల్లల్ని కొన్ని బడుల్లో చీటీలు తీసి, కొన్నిచోట్ల అక్షరక్రమంలో విడదీశారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక జట్టులో బక్కపిల్లలో బొద్దుపిల్లలో మరీ ఎక్కువైతే టీచర్లు మార్చుకోవచ్చన్నారు. తీరా చూస్తే పాలు లేని జట్టు మొదటిరోజునే బరువులో మూడు నెలల, ఎత్తులో నాలుగు నెలల ఎదుగుదల ముందుంది. బక్కచిక్కిన పేద పిల్లల్ని టీచర్లు తమకు తెలియకుండానే పాల వైపు జరిపి ఉంటారని గాసెట్ అనుమానం. నాకైతే వాళ్లని తప్పుపట్టబుద్ధి కాదు. ప్రయోగాన్ని పాడుచేయడానికి మోసమే అక్కర్లేదు, జాలి చాలు.

నాకు మరీ నచ్చింది బట్టల సంగతి. పిల్లల్ని బట్టలతోనే తూచారు. ఫిబ్రవరి చలిలో ఉన్నింటి పిల్లల ఒంటిమీద దళసరి బట్టలుంటాయి, జూన్‌కి అవి పలచబడతాయి. పేదపిల్లలకి విప్పడానికి పెద్దగా ఏముంటుంది? పాలు లేని జట్టులో ఉన్నింటివాళ్లు ఎక్కువైతే, ఆ తగ్గిన బట్టల బరువు వాళ్ల ఎదుగుదలలోంచే పోతుంది. లెక్కలో ఆ మేరకు పాలకు మంచి పేరు! ఇలాంటివి కనిపెట్టడానికి గణితం అక్కర్లేదు, కొలిచిన గదిలో మనం నిలబడి ఉన్నట్టు ఊహించుకోవాలంతే.



గాసెట్ ఊరికే తిట్టి వదల్లేదు. అచ్చుగుద్దినట్టుండే కవలలు 50 జతలుంటే చాలు, ఖర్చు నామమాత్రం, ఫలితం ఇంతకన్నా గట్టిదన్నాడు. ప్రతి జతలో ఎవరికి పాలన్నది మాత్రం నాణెం ఎగరేసి తేల్చమన్నాడు.