394వ అధికరణ పనితనం

ఏటా జనవరి 26న గణతంత్ర దినోత్సవం చేసుకుంటాం. రాజ్యాంగ ప్రవేశికలో మాత్రం ఆ తేదీ లేదు. అక్కడున్నది రాజ్యాంగాన్ని ఆమోదించిన 1949 నవంబరు 26. జనవరి 26 కోసం 22వ భాగం దాకా, అసలు ప్రతిలో చివరి నుంచి రెండోదైన 394వ అధికరణ దాకా వెళ్ళాలి. రాజ్యాంగం గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని తలుచుకోవడం అరుదు. నాకైతే మొత్తం గ్రంథంలో ఇంత చక్కగా కుదిరిన పని ఇంకొకటి కనిపించదు.

అది చెప్పేది రెండే ముక్కలు. 5 నుంచి 9 వరకు, 60, 324, 366, 367, 379, 380, 388, 391, 392, 393, వీటితోపాటు తానూ వెంటనే అమలులోకి వస్తాయి. తక్కినవన్నీ 1950 జనవరి 26న.

ఆ అంకెల్ని ఒక్కొక్కటే విప్పి చూడండి. 380 తొలి రాష్ట్రపతిని రాజ్యాంగ పరిషత్తు ఎన్నుకోవడానికి. 60 ఆయన చేయవలసిన ప్రమాణం. 324 ఎన్నికల సంఘం. 5 నుంచి 9 పౌరసత్వం. 366, 367 నిర్వచనాలు, అర్థ వివరణ. అవి లేకుండా తక్కినవాటిని చదవడమే కష్టం. కొత్తింట్లో కాపురం పెట్టేముందు పొయ్యి, నీళ్ళు, దీపం అమర్చుకున్నట్టు, రిపబ్లిక్ పుట్టేనాటికి సిద్ధంగా ఉండవలసినవన్నీ ఏరి ముందు పెట్టారు. అనుకున్నట్టే జనవరి 24న బాబూ రాజేంద్ర ప్రసాద్ పోటీ లేకుండా ఎన్నికయ్యారు, 25న ఎన్నికల సంఘం ఏర్పడింది, 26న ఆయన ప్రమాణం చేశారు.

ఇక్కడో చిక్కుంది. 324, 391, 392 రాష్ట్రపతికి అధికారాలిచ్చాయి. ఆ రెండు నెలలూ రాష్ట్రపతే లేడు కదా! 392లోని మూడో ఖండం చూడండి: ప్రారంభానికి ముందు ఆ అధికారాలు గవర్నర్ జనరల్ చెలాయించవచ్చునంది. అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ. ఇటు 1935 భారత ప్రభుత్వ చట్టాన్నీ 1947 భారత స్వాతంత్ర్య చట్టాన్నీ రద్దుచేసే 395ను మాత్రం ముందు జాబితాలో చేర్చలేదు. చేర్చి ఉంటే గవర్నర్ జనరల్ కూర్చున్న కుర్చీకే ఆధారం పోయేది. పాతది ఆగడం, కొత్తది మొదలవడం ఒకే రోజున జరగాలి, మధ్యలో చట్టం లేని ఒక్క పూట కూడా ఉండకూడదు. ఆ జాగ్రత్త తల్చుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ముసాయిదా సంఘంలో అంబేద్కర్‌తో పాటు నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. అతి జటిలమైన ప్రతిపాదనను కూడా సరళమైన చట్టభాషలో పెట్టగల నేర్పు ప్రధాన ముసాయిదాకారుడు ఎస్.ఎన్. ముఖర్జీదని 1949 నవంబరు 25న అంబేద్కర్ సభలోనే మెచ్చుకున్నారు. ఆ మెప్పు వట్టి మర్యాద కాదని 394 చదివితే తెలుస్తుంది.

ఇంతకీ ఆ తేదీయే ఎందుకు? 1929 డిసెంబరులో లాహోర్ కాంగ్రెస్ సంపూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానించింది. ఆ ప్రతిజ్ఞ దేశమంతటా చదవడానికి 1930 జనవరిలో చివరి ఆదివారాన్ని ఎంచుకున్నారు. అది 26. ఆ పైన ఏటేటా అదే స్వాతంత్ర్య దినం. తీరా 1947లో వచ్చింది మౌంట్‌బాటెన్ ఎంచిన ఆగస్టు 15, జపాన్ లొంగుబాటు ప్రకటించిన రోజు. జనం తమకై తాము పెట్టుకున్న తేదీ మరుగున పడకుండా రాజ్యాంగం దాన్ని తన పుట్టినరోజు చేసుకుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఆగింది అందుకే.

394 ఆ రోజుకు ‘రాజ్యాంగ ప్రారంభం’ అని పేరు కూడా పెట్టింది. తక్కిన అధికరణలు గడువులన్నీ అక్కణ్ణుంచే లెక్కగట్టాయి. కేంద్రం అధికార వ్యవహారాల్లో హిందీతో పాటు సాగడానికి ఇంగ్లీషుకు 343 ఇచ్చింది పదిహేనేళ్ళు, అంటే 1965 జనవరి 26 వరకు. ఆ పైనా ఇంగ్లీషు కొనసాగవచ్చని 1963లోనే పార్లమెంటు చట్టం చేసింది. అయినా మద్రాసు రాష్ట్రంలో నమ్మకం కుదరలేదు. ఆ గణతంత్ర దినాన్ని సంతాప దినంగా పాటించమని డీఎంకే పిలుపునిచ్చింది. విద్యార్థులు ఒకరోజు ముందే వీధుల్లోకి వచ్చారు. 1967లో చట్టాన్ని సవరించి ఇంగ్లీషుకు మరింత గట్టి హామీ ఇవ్వవలసి వచ్చింది.