వాల్తేరుకు మాస్టార్లు వచ్చిన దారి

ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలినాళ్ల గురించి చెప్పుకునేటప్పుడు మనం కట్టమంచి రామలింగారెడ్డి తెగువనీ, రాధాకృష్ణన్ ఉపన్యాసాలనీ, జయపురం మహారాజు విక్రమదేవ వర్మ దాతృత్వాన్నీ తలుచుకుంటాం. అవన్నీ నిజమే. కానీ 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరిన విద్యాలయం పదిహేనేళ్లు తిరక్కుండానే దేశమంతటా పేరు తెచ్చుకోవడానికి అసలు కారణం అధ్యాపకులను ఎంచుకున్న పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతాను. ఎంపిక ఒక విద్య. చేసిన సర్వీసును లెక్కగట్టడం ఎవరైనా చేస్తారు. చేయబోయే పనిని ముందే పసిగట్టడానికి చదువూ ధైర్యమూ రెండూ కావాలి.

1931లో రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా వచ్చాక చేరినవాళ్ల వయసులు చూడండి. 1932లో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చిన సూరి భగవంతానికి ఇరవై మూడేళ్లకు మించి లేవు. కలకత్తాలో రామన్ దగ్గర చేసిన పనే ఆయన అర్హత. ఇరవై ఎనిమిదేళ్లకు ప్రొఫెసరయ్యారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ ఆక్స్‌ఫర్డ్ చదువు ముగించుకుని ముప్పై నిండకుండానే ఇక్కడ పాఠాలు చెప్పారు. 1933లో కెమిస్ట్రీకి వచ్చిన టి.ఆర్. శేషాద్రి సంగతి మరీ ముఖ్యం. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన ఆయన ఇక్కడ పత్తిపూలనూ గోగుపూలనూ పట్టుకున్నారు. రేకులను ఆల్కహాల్‌లో మరిగించి, దిగిన రంగు పదార్థాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేసి, దాని అణువు ఎలా అమరి ఉందో తేల్చడం ఆయన బృందం చేసిన పని. రైతు రోజూ చూసే పువ్వు మీద ప్రపంచ స్థాయి రసాయనశాస్త్రం వాల్తేరులో పుట్టింది. 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడి విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయినా ఆ పని ఆగలేదు. భవనాలు వెనక ఉండిపోయాయి, మనుషులు వెంట వెళ్లారు. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అప్పుడు విద్యార్థులు తక్కువ, ఒకరిద్దరు పెద్దల మాట చెల్లేది, ఇప్పుడది ఎలా కుదురుతుందని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. ఒక్కరి ఇష్టం మీద నడిచే ఎంపికలో కులమూ బంధుత్వమూ ఎంత సులువుగా దూరతాయో మనకు తెలుసు. నేను పైన చెప్పిన పేర్లలో ఒక్క స్త్రీ లేదు, ఒక్క దళితుడు లేడు. అందుకే రిజర్వేషన్లూ నిబంధనలూ వచ్చాయి, అవి ఉండి తీరాలి. అయితే అభ్యర్థి రాసిన పేపరును కూర్చుని చదవొద్దని ఏ నిబంధనా చెప్పదు. పేపర్ల సంఖ్యకు మార్కులు వేసి సరిపెట్టుకోవడం మన బద్ధకం, దాన్ని నిబంధనల మీదికి నెట్టడం అన్యాయం. కబీర్, ముఖర్జీ ఏడాదీ రెండేళ్లకే వెళ్లిపోయారు కదా అన్నది ఇంకో అభ్యంతరం. వెళ్లనివ్వండి. శేషాద్రి 1949 దాకా ఉన్నారు. భగవంతం ఇక్కడే వెంకటరాయుడితో కలిసి గ్రూప్ థియరీ మీద రాసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే 1948లో అచ్చువేసింది. కొందరు వెళ్లిపోతారన్న భయంతో ఎవరినీ తీసుకోకపోవడం ఏం విజ్ఞత?

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇవాళ జరుగుతున్నది సరిగ్గా అదే. విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, గెస్టు, కాంట్రాక్టు అధ్యాపకులతో క్లాసులు నెట్టుకొస్తున్నారు. పీహెచ్‌డీ పూర్తిచేసిన పిల్లలు వచ్చే ఏడాది జీతం ఉంటుందో ఉండదో తెలియని స్థితిలో పాఠం చెబుతుంటే, పన్నెండేళ్లు పట్టే పరిశోధనకు ఎవరు పూనుకుంటారు? ప్రభుత్వాలు ముందు ఆ ఖాళీలు నింపాలి. ఎంపిక కమిటీల్లో కూర్చునే పెద్దలు ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి అభ్యర్థి రాసిందంతా చదివి రావాలి.