ఎడమ డొక్క మీద పిడికిలి

ఎడపల్లి దగ్గర ఈ వారం ఒక పసుల డాక్టర్ పని చూసి ప్రాణం లేచొచ్చింది. బర్రె మేత ముట్టక, నెమరు వేయక నిలబడింది. ఆయన సంచి తెరవలేదు. దాని ఎడమ డొక్కలో పిడికిలి ఒత్తి పట్టి కళ్లు మూసుకున్నాడు. పెద్దపొట్ట బాగుంటే నిమిషానికి ఒకటి రెండుసార్లు పొంగి చేతిని నెడుతుంది. ఇక్కడ కదలికే లేదు.

"గడ్డి ఏడ కోసినవ్ అక్కా?"

"పక్కోళ్ల ఒడ్డు మీద సారూ. పొలానికి గడ్డిమందు కొట్టిన్రు."

కలుపుమందు మీద నా కోపం పాత పాఠకులకు తెలిసిందే. శక్కర్‌నగర్ మీది బెంగా తెలిసిందే. 1937లో అక్కడ పెట్టిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ గానుగ కాలమంతా బోధన్ పల్లెల్లో పశువులకు చెరుకు కొసలు దొరికేవి. కోసిన చేనులోంచి ఎవరైనా మోపు కట్టుకుపోవచ్చు, అడిగేవాళ్లు లేరు. దొడ్లో ఆ పచ్చి ఆకు నమిలే చప్పుడు వీధిదాకా వినపడేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు పోయి వరి వచ్చింది. పచ్చిమేత కావాలంటే ఒడ్డు గడ్డే దిక్కయింది. ఆ ఒడ్డునూ మందుతో తడిపితే ఎట్లా అని రాయబోయాను.

డాక్టర్ మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాడు. చివరికి తేలింది: బర్రె తాగింది మందు కలిపిన డ్రమ్ములో మిగిలిన నీళ్లు. మందు 2,4-డి. మోతాదుగా కొట్టి ఆరిన గడ్డికన్నా డ్రమ్ములో మిగిలింది, డబ్బా అడుగున ఉన్నదే పశువును ఎక్కువగా దెబ్బతీస్తుందన్నాడు. 2,4-డి ఎక్కువైతే పెద్దపొట్ట ఆగిపోతుంది, ఉబ్బుతుంది, పారుడు పట్టుకుంటుంది. ఆవుకూ బర్రెకూ వాంతి కాదు, మింగింది లోపలే ఉంటుంది. అందుకే విషాన్ని పట్టుకునే యాక్టివేటెడ్ చార్కోల్ తొందరగా పట్టాలి. ఒంటి బరువు కిలోకు 1 నుంచి 2 గ్రాములంటే పెద్ద బర్రెకు అరకిలో దాటుతుంది.

పారాక్వాట్ అనే మరో కలుపుమందు దారి వేరు. నోటినీ గొంతునూ పుండు చేసి ఊపిరితిత్తులకు ఎక్కుతుంది, విరుగుడు లేదు. ఆయాసపడుతోందని ఆక్సిజన్ పెడితే ఇంకా చెడుతుంది. కాబట్టి డాక్టర్‌కు మందు పేరు తెలియాలి.

కూలి దొరకని రైతును మందు మానెయ్యమని ఈ వారం అడగలేను. డ్రమ్ములో మిగిల్చొద్దు, పంపు కాలువలో కడగొద్దు, కొట్టే ముందు బర్లున్న ఇళ్లకు చెప్పండి. పశువు మేత మానితే పశువైద్యానికి 1962 నంబరుకు ఫోన్ చేసి, కొట్టిన మందు డబ్బాను డాక్టర్ చేతికివ్వండి.